మళ్ళీ అండమాన్ పోదాం, కానీ ఆ రోడ్డు మీద కాదు



మళ్ళీ అండమాన్ పోదామన్న మాట మన గ్రూపులో పది రోజులుగా నడుస్తోంది. పోయిన ట్రిప్పులో వాన వల్ల సగం చూడలేదు, ఫొటోలు సరిగా రాలేదు, ఈసారి కెమెరా పట్టుకుని తీరిగ్గా పోదామని ముందు అడిగింది నేనే. దాంట్లో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఒక్క దగ్గరే వచ్చింది. బారాటాంగ్. పోయినసారి ఆ రోజు వాన పడి కాన్వాయ్ అందలేదు కాబట్టి ఈసారి మొదటి రోజే అక్కడికి పోవాలని కొందరు పట్టు పడుతున్నారు. నేను వద్దంటున్నాను. చాట్‌లో రెండు ముక్కలు రాస్తే కోపం తప్ప కారణం కనబడటం లేదు, అందుకే ఇంత పొడుగు పోస్టు. ఓపిగ్గా చదవండి, తర్వాత తిట్టాలనుకుంటే తిట్టండి.

తెలియని తమ్ముళ్ళ కోసం ముందు దారి సంగతి చెప్తాను. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం) నుంచి ఉత్తరానికి పోయే పెద్ద రోడ్డుని అండమాన్ ట్రంక్ రోడ్డు అంటారు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దాటగానే అది జారవా రిజర్వ్ అడవిలోకి దూరుతుంది. అక్కడ బళ్ళన్నీ ఆపి, పేర్లు రాసుకుని, వరసగా కాన్వాయ్ కట్టి పంపుతారు. మధ్యలో ఆగకూడదు, అద్దం దించకూడదు, ఫొటో తీయకూడదు, తిండి ఇవ్వకూడదు అని బోర్డులు ఉంటాయి. అవతల మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బల్లకట్టు లాంటి ఫెర్రీ ఎక్కితే బారాటాంగ్. అక్కడ చూసేవి సున్నపురాయి గుహలు, ఒక బురద అగ్నిపర్వతం, మడ అడవులు.

ఇప్పుడు నిజం చెప్పుకుందాం. సున్నపురాయి గుహ చూడ్డానికి సముద్రం దాటి పోవాలా? బొర్రా గుహలు ఎక్కడున్నాయి బావా? మన అనంతగిరి కొండల్లోనే కదా. మన వాళ్ళే అక్కడ గైడ్లు, మన వాళ్ళే బయట వెదురు చికెన్ అమ్ముతారు. బురద అగ్నిపర్వతం అంటే పేరు పెద్దది గానీ, మామూలు రోజుల్లో అది కుతకుతలాడే బూడిద రంగు బురద గుంట. ఒక్క మడ అడవుల పడవ ప్రయాణం మాత్రం బాగుంటుందని పోయినవాళ్ళు చెప్పారు, ఒప్పుకుంటాను. అయితే పొద్దున మూడింటికి లేచి క్యూలో నిలబడి ఆ రోడ్డు ఎక్కే టూరిస్టులందరూ ఈ గుహ కోసమే పోతున్నారంటే నేను నమ్మను. దారిలో ఎవరైనా కనబడతారేమో అన్న ఆశ బండిలో ప్రతి సీట్లోనూ కూర్చుని ఉంటుంది. పోయినసారి మా హోటల్ దగ్గర ఒక ట్యాక్సీ డ్రైవరు "అదృష్టం ఉంటే జారవాలు కనిపిస్తారు సార్" అన్నాడు. పులి కనిపిస్తుంది అన్నట్టే అన్నాడు.

2012 జనవరిలో లండన్ పత్రిక 'అబ్జర్వర్' ఒక వీడియో బయటపెట్టింది. జారవా ఆడపిల్లలని తిండి కోసం డ్యాన్స్ చేయమని ఒక గొంతు అడుగుతుంటుంది, వాళ్ళు చేస్తుంటారు. ప్రపంచమంతా దాన్ని 'మనుషుల సఫారీ' అంది. దాని తర్వాత 1956 నాటి ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్‌ని అదే ఏడు సవరించి శిక్షలు పెంచారు. 2013 మొదట్లో సుప్రీంకోర్టు కొన్ని వారాలు టూరిస్టులని ఆ రోడ్డు మీద ఆపింది కూడా. ఇంకా పాత సంగతి ఏంటంటే, రిజర్వ్ గుండా పోయే ఆ రోడ్డు భాగాన్ని మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. రోడ్డు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. మనకి ఇది కొత్త కాదు. కాగితం మీద ఉన్న చట్టానికీ ఘాట్ రోడ్డు మీద జరిగేదానికీ ఎంత దూరమో 1/70 చట్టం చూసి పెరిగిన వాళ్ళకి వేరే చెప్పాలా?

కాన్వాయ్‌లో పోవడం చట్టానికి విరుద్ధం కాదు, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. అక్కడి ఊళ్ళ జనం ఆసుపత్రికీ, కాలేజీకీ, సరుకులకీ ఆ రోడ్డు మీదే తిరుగుతారు. వాళ్ళని తప్పు పట్టే హక్కు నాకు లేదు. వాళ్ళది అవసరం. మనది సెలవు. సెలవుకి పోయే దారి మనం మార్చుకోవచ్చు.

గ్రూపులో ఒక అన్న పెట్టిన మాటకి మాత్రం కాస్త వివరంగా జవాబు చెప్పాలి. "మనమూ ఆదివాసీలమే, వాళ్ళూ ఆదివాసీలే. బయటోళ్ళు చూస్తే తప్పు గానీ మన చుట్టాల్ని మనం చూసుకుంటే తప్పేంటి?" అన్నాడు. చాలామంది లైకులు కొట్టారు. వినడానికి బాగుంది. కానీ అన్నా, చుట్టం ఇంటికి పోవాలంటే చుట్టం పిలవాలి. పిలవకుండా పోయి, ఏసీ బండి అద్దంలోంచి చూసి, దిగకుండా వెళ్ళిపోతే అదేం చుట్టరికం? మనకీ వాళ్ళకీ భాష కలవదు. మన ఒంట్లో ఉన్న రోగాలకి వాళ్ళ ఒంట్లో తట్టుకునే శక్తి తక్కువ. జారవాలు 1997-98 ప్రాంతంలో అడవి బయటికి రావడం మొదలుపెట్టారు. 1999లో ఒకసారి, 2006లో ఒకసారి వాళ్ళలో తట్టు వ్యాపించింది. మనకి తట్టు అంటే చిన్నప్పుడు వేసిన సూది. వాళ్ళు మొత్తం కలిపి కొన్ని వందల మంది. మన దగ్గుకి మన కులం, మన తెగ తెలియదు. అది ఆదివాసీ దగ్గు అని జారవా బిడ్డని వదిలేయదు.

మన సంగతి చూడండి. అరకు సంతలో ముక్కుకి మూడు ముక్కెరలు పెట్టుకున్న మన అవ్వల మొహాల మీదకి కెమెరా పెట్టేవాళ్ళని చూసి మనమెంత తిట్టుకున్నాం? వంజంగిలో మబ్బులు చూడ్డానికి వచ్చి, దారిలో నీళ్ళు మోస్తున్న అక్కని "ఒక్కసారి ఇటు చూడమ్మా" అనే వాళ్ళ మీద ఇదే గ్రూపులో ఎన్ని పోస్టులు పెట్టాం? థింసా మన పండగ ఆట. రిసార్టు వాళ్ళు దాన్ని సాయంత్రం ఏడు గంటల ప్రోగ్రాం చేశారని అందరం బాధపడ్డాం. పక్కనే ఒడిశా మల్కన్‌గిరిలో గురువారం సంతకి దిగే బోండా వాళ్ళని చూడ్డానికి విదేశీ టూరిస్టు బళ్ళు వరస కట్టేవి, ఫొటోల గొడవ ముదిరాక ప్రభుత్వం ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. ఆ బాధ తెలిసిన మనం టికెట్ కొనుక్కుని అటువైపు సీట్లో కూర్చుంటామా?

ఫొటోలు బాగా తీయాలనే మనం పోతున్నాం కాబట్టి కెమెరా చరిత్ర కూడా కొంచెం తెలుసుకోవాలి. ఆ దీవుల్లో మనుషుల మీదకి కెమెరా మొదట వచ్చింది సరదాకి కాదు. 1880లో పోర్ట్‌మన్ అనే బ్రిటిష్ అధికారి నార్త్ సెంటినెల్ దీవిలో దిగి, ఒక ముసలి జంటనీ నలుగురు పిల్లల్నీ పట్టుకుని పోర్ట్ బ్లెయిర్ తీసుకొచ్చాడు. ముసలివాళ్ళిద్దరూ జబ్బు చేసి చనిపోయారు. పిల్లల్ని బహుమానాలిచ్చి తిరిగి వదిలేశారు. అదే పోర్ట్‌మన్ తర్వాత 1890లలో అండమాన్ తెగల వాళ్ళని గళ్ళ తెర ముందు నిలబెట్టి, కొలతలు తీసి, ఫొటోలు తీసి లండన్ మ్యూజియానికి ఆల్బమ్‌లు పంపాడు. ఆ ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి, చాలా 'నీట్'గా ఉంటాయి. అందులో ఉన్న మనుషుల జనం మాత్రం మిగల్లేదు. బ్రిటిష్ వాళ్ళు 1858లో స్థిరపడేటప్పటికి వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు 1961 లెక్కల్లో 19 మంది. ఇప్పుడు యాభై మందికి అటూ ఇటూ. 'బో' భాష మాట్లాడే చివరి మనిషి, బోవా అనే పెద్దావిడ, 2010 జనవరిలో చనిపోయింది. సెంటినెల్ దీవి వాళ్ళు ఎవరొచ్చినా బాణం ఎందుకెత్తుతారో అర్థం కావాలంటే ఆ 1880 ఒక్కటి చాలు. 2004 సునామీ తర్వాత పైన తిరిగిన హెలికాప్టర్ మీదకి వాళ్ళు బాణం ఎక్కుపెట్టిన ఫొటో మీరు చూసే ఉంటారు. నన్నడిగితే, 'మా ఫొటో వద్దు' అని ఫొటోలోంచే చెప్పిన మనుషులు వాళ్ళు.

సరే, వద్దన్నది అయింది. మరి పోయి ఏం చూద్దాం, ఏం తీద్దాం? చాలా ఉంది. తొమ్మిది పది రోజులు కూడా చాలవు.

మొదట చరిత్ర. సెల్యులార్ జైలు పోయినసారి గంటన్నరలో చుట్టేసి సెల్ఫీలు దిగి వచ్చేశాం. ఈసారి ఒక పూట ఇద్దాం. 1906లో కట్టడం పూర్తయిన ఏడు రెక్కల జైలులో ఇప్పుడు మూడే మిగిలాయి. పొద్దున్నే వరండాల్లో కటకటాల నీడలు పొడుగ్గా పడతాయి, ఆ టైంలో తీయాలి. కానీ మనవాళ్ళ చరిత్ర ఆ జైలు కంటే పాతది. 1879లో మొదలైన రంప తిరుగుబాటులో పట్టుబడ్డ మన మన్యం వాళ్ళని అండమాన్ పంపినప్పుడు ఈ జైలు లేనే లేదు. ఖైదీలు రాస్ దీవిలో, వైపర్ దీవిలో, చుట్టుపక్కల క్యాంపుల్లో ఉండేవారు. అడవి కొట్టించడం వాళ్ళ చేతే. అల్లూరి పోరాటంలో ఉండి, అండమాన్ శిక్ష అనుభవించి, తిరిగొచ్చి 1952లో మొదటి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి గెలిచిన గాం మల్లుదొర పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఆ జైలు ముందు నిలబడి ఫొటో దిగేటప్పుడు కాప్షన్‌లో ఆయన పేరు రాస్తే నాకు సంతోషం.

వైపర్ దీవికి చిన్న పడవలో పోవచ్చు. అక్కడ ఎర్ర ఇటుకల ఉరికంబం గది ఉంది. 1872లో వైస్రాయ్ మేయోని పొడిచి చంపిన షేర్ అలీని ఉరి తీసింది ఆ దీవిలోనే. రాస్ దీవి (ఇప్పుడు నేతాజీ పేరు పెట్టారు) ఫొటోలకి బంగారం. తెల్లదొరల బంగళాలు, చర్చి గోడలు, వాటి మీద మర్రి వేళ్ళు పాములు చుట్టుకున్నట్టు చుట్టుకుని ఉంటాయి. మబ్బు పట్టిన రోజే అక్కడికి పోదాం, ఎండ రోజుల్లో గోడ తెల్లగా, వేరు నల్లగా వచ్చి పాడవుతుంది. వారంలో ఒక రోజు మూసి ఉంటుంది, ముందు కనుక్కోవాలి.

ఇంకొకటి ఎవరూ చూపించరు. పోర్ట్ బ్లెయిర్‌లో వాటర్ స్పోర్ట్స్ కాంప్లెక్స్ దగ్గర అబర్దీన్ యుద్ధం గుర్తుగా ఒక స్తూపం ఉంది. 1859 మే 17న గ్రేట్ అండమానీలు బాణాలతో బ్రిటిష్ స్థావరం మీదకి వచ్చారు. వాళ్ళ మధ్య కొంతకాలం బతికిన దూధ్‌నాథ్ తివారీ అనే పారిపోయిన ఖైదీ ముందే కబురు చేరవేశాడు, తుపాకుల ముందు వాళ్ళు నిలవలేకపోయారు. టూరిస్టులు ఆ స్తూపం పక్కనే నిలబడి పడవ టికెట్లు కొనుక్కుంటారు. నాకు ఆ ఫొటో కావాలి: వెనక స్తూపం, ముందు టికెట్ క్యూ.

మౌంట్ హారియట్ ఎక్కాలి. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు మీద ఉన్న బొమ్మ, లైట్‌హౌసూ కొబ్బరి చెట్లూ, అక్కడి నుంచి కనబడే దృశ్యమే. పర్సులో పాత నోటు ఉన్నవాళ్ళు తెచ్చుకోండి. 1891 యుద్ధం తర్వాత మణిపూర్ రాజవంశం వాళ్ళని అక్కడ బంధించారు కాబట్టి 2021లో ఆ కొండకి మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు.

దీవుల సంగతి కొస్తే వెలుతురు లెక్క ముందు అర్థం చేసుకోవాలి. పోయినసారి మనం మోసపోయింది వానకి మాత్రమే కాదు, గడియారానికి కూడా. అండమాన్ మనకంటే బాగా తూర్పున ఉంది కానీ టైం మనదే. చలికాలంలో సాయంత్రం ఐదు, ఐదున్నరకల్లా సూర్యుడు దిగిపోతాడు. మూడున్నరకి టీ తాగి బయలుదేరదామంటే అయిపోయినట్టే. స్వరాజ్ ద్వీప్ (పాత హావ్‌లాక్)లో రాధానగర్ బీచ్ పడమర వైపు, సూర్యాస్తమయం అక్కడ. కాలాపత్థర్ తూర్పు వైపు, తెల్లారుజాము అక్కడ. షహీద్ ద్వీప్ (పాత నీల్)లో లక్ష్మణ్‌పూర్ వైపు ఉన్న రాతి వంతెన దగ్గరికి ఆటు మీదే పోగలం, పోటు వస్తే బండల మీద దారి మునుగుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ ఆటు ఎక్కువ లోపలికి పోతుంది, కాబట్టి మన తేదీలు అమావాస్య చుట్టూ పెట్టుకుంటే రెండు లాభాలు: వంతెన కింద బాగా తిరగొచ్చు, రాత్రి నక్షత్రాలు తీయొచ్చు. అదృష్టం ఉంటే చీకటి రాత్రి అలల్లో నీలి మెరుపు కూడా కనబడుతుంది. అదృష్టం అన్న మాట ఇలాంటి వాటికి వాడితే నాకు అభ్యంతరం లేదు.

కెమెరా ఉన్నది ఇద్దరి దగ్గరే, మిగతావాళ్ళం ఫోన్లే. ఫోన్ చాలు. ఉప్పు గాలి మాత్రం లెన్సు మీద పొర కడుతుంది, మెత్తని పాత కాటన్ గుడ్డ రెండు తెచ్చుకోండి. ఏసీ గదిలోంచి ఒక్కసారిగా బయటికి తీస్తే లెన్సు చెమర్చుతుంది, సంచిలోనే పావుగంట ఉంచాలి. డ్రోన్ తెస్తానన్న తమ్ముడికి: అనుమతి లేకుండా వద్దు. అక్కడ విమానాశ్రయం, ఓడరేవు నేవీతో ముడిపడి ఉన్నాయి, వాటి ఫొటోలూ వద్దు. గవ్వలు, పగడపు ముక్కలు ఏరి సంచిలో వేసుకుంటే తిరిగొచ్చేటప్పుడు తనిఖీలో పట్టుకుంటారు. కావాలంటే ఇసుక మీదే పెట్టి ఫొటో తీసుకోండి.

డిగ్లీపూర్ నాకు చాలా ఇష్టం. రాస్-స్మిత్ అని రెండు దీవులు, ఆటు మీద మధ్యలో తెల్లటి ఇసుక దారి తేలుతుంది. కాలీపూర్ తీరంలో చలికాలం తాబేళ్ళు గుడ్లు పెడతాయి (ఫ్లాష్ వేయకూడదు). శాడిల్ పీక్ 732 మీటర్లు, ఆ దీవులన్నిట్లో పెద్ద కొండ. మన కొండలెక్కిన కాళ్ళకి అదొక లెక్క కాదు. కానీ బస్సులో పోతే దారి మళ్ళీ ఆ రిజర్వ్ గుండానే. కాబట్టి ప్రభుత్వ ఓడలో టికెట్ దొరికితే పోదాం, దొరక్కపోతే డిగ్లీపూర్ మానేద్దాం. ఈ మాట రాయడం నాకూ కష్టంగానే ఉంది.

మనుషుల ఫొటోలు అసలు వద్దని నేను అనడం లేదు. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి పోయిన తెలుగు బెస్తవాళ్ళు తరాలుగా ఉన్నారు. పోయినసారి ఒక పెద్దాయన మన మాట విని "ఏ ఊరు బాబూ మీది?" అని ఆపి చేపల పులుసు తినిపించాడు. ఆయన్ని అడిగి తీసిన ఫొటోయే నా దగ్గరున్న వాటిలో మంచిది. ఇంకా, రాంచీ వాళ్ళు ఉన్నారు. ఉరావ్, ముండా, ఖరియా తెగల వాళ్ళని 1918 నుంచి చోటానాగ్‌పూర్ నుంచి అడవి పనులకి కూలీలుగా తెచ్చారు. ఆ దీవుల రోడ్లు, అడవి నరుకుడు, వాళ్ళ చెమటే. ఇన్ని తరాల తర్వాత కూడా అక్కడ వాళ్ళకి ఎస్టీ గుర్తింపు లేదు, జార్ఖండ్‌లో ఉంటే ఎస్టీ. తెలంగాణ నుంచి మహారాష్ట్ర దాటితే లంబాడా అన్నలకి ఏమవుతుందో మనకి తెలుసు కదా. ఆదివాసీ చుట్టాల్ని చూడాలని ఉన్న ఆ అన్నకి నా మాట ఇదే. వీళ్ళతో హిందీలో మాట్లాడొచ్చు, ఇంట్లో కూర్చోవచ్చు, అడిగి ఫొటో తీయొచ్చు, ప్రింటు తీసి పంపొచ్చు. వీళ్ళ కథ మన ఆగస్టు 9 సభలో చెప్పొచ్చు. ఎవరి కథ ఎవరూ చెప్పడం లేదో అక్కడ కెమెరా పెడదాం.

"మనం ఆరుగురం మానేస్తే ఆ రోడ్డు ఆగుతుందా?" అని ఒక చెల్లి అడిగింది. ఆగదు. మనం మానేసినా ఆ రోజు కాన్వాయ్‌లో ఆరు సీట్లు వేరేవాళ్ళు నింపుతారు. కానీ మన సభల్లో గ్రేట్ నికోబార్ ప్రాజెక్టు గురించి, దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అడవి గురించి, షోంపెన్‌ల గురించి మాట్లాడేది మనమే. ఆ నోటితోనే బారాటాంగ్ రీల్ పెడితే, రేపు అరకులో కెమెరా దించమని మనం ఎవరికి చెప్పగలం? ఫొటోగ్రఫీ కోర్సు చేస్తున్న తమ్ముడు పోర్ట్‌ఫోలియోకి 'తెగల జీవితం' కావాలన్నాడు. తమ్ముడూ, మీ అమ్మ పసుపు ఉడకబెట్టేది తియ్. అంతకంటే దగ్గరగా ఎవరి జీవితం నీకు తెలుసు?

ఇక పనుల్లోకి. ఫిబ్రవరి అమావాస్య చుట్టూ తొమ్మిది రోజులు నా ప్రతిపాదన. అప్పటికి వానలు తగ్గి ఉంటాయి, సెమిస్టర్ పరీక్షలూ అయిపోతాయి. విశాఖ నుంచి ఓడ ఎప్పుడో ఒకసారి ఉంటుంది, రెండున్నర మూడు రోజుల ప్రయాణం. తేదీ కుదిరితే పోయేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు చెన్నైకి విమానం. వాంతులయ్యేవాళ్ళు ముందే చెప్పండి. దీవుల మధ్య ప్రభుత్వ ఫెర్రీలు చవక, కానీ టికెట్లు తొందరగా అయిపోతాయి, ఆధార్ కాపీలు అందరివీ ఒకచోట ఉండాలి.

బారాటాంగ్ కావాలనేవాళ్ళు, వద్దనేవాళ్ళు ఆదివారం రాత్రి లోపు కింద రాయండి. ఎక్కువమంది పోదామంటే మీరు పోయి రండి, ఆ రోజు నేను జంగ్లీఘాట్‌లో ఉంటాను. పులుసు మిగిలితే మీకూ ఉంచుతాను.